పాటకూ అక్షరాలున్నాయి: బృందగానంలో పాడేవారికి తొలి పాఠాలు



మన హాస్టళ్ళలో పాట లేకుండా రోజు గడవదు. ఉదయం ప్రార్థన, ఆగస్టు 15, జనవరి 26, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి, చివరికి వార్షికోత్సవం... అన్నింటికీ పదిమంది ముందుకొచ్చి పాడవలసిందే. ఆ పాట ఎవరు నేర్పుతారు? ఒక సీనియర్. ఆయనకు ఎవరు నేర్పారు? అంతకు ముందున్న సీనియర్. అలా నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి పాట వస్తూ ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు. మన ఇళ్ళలో అమ్మలు, నాయనమ్మలు పాటలు నేర్చుకున్నదీ ఇలాగే. కానీ ఒక ఇబ్బంది ఉంది. పాట తెలిసిన సీనియర్ పదో తరగతి పాసై వెళ్ళిపోతే, పాట కూడా ఆయన ట్రంకు పెట్టెతో పాటే వెళ్ళిపోతుంది. మాటలు నోటుబుక్కులో మిగిలినా వరస మిగలదు. మరుసటి ఏడాది అదే పాటను ఎవరికి తోచిన వరసలో వారు పాడతారు.

మాటకు అక్షరాలున్నట్టే పాటకూ అక్షరాలున్నాయి. దాన్ని స్వరలిపి అంటారు. ఇంగ్లీషులో మ్యూజిక్ నొటేషన్. అది సంగీత కళాశాలలో చదివేవారికేననీ, పియానో ఉన్న ఇళ్ళవారికేననీ చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. మా ఇంట పియానో కాదు కదా, హార్మోనియం కూడా లేదు. యూనివర్సిటీలో చేరాక అక్కడి బృందగానంలో పాడుతూ ఈ లిపి నేర్చుకున్నాను. తెలుగు పాఠంలో గురు లఘువులు గుర్తించగలిగిన విద్యార్థి ఎవరైనా దీన్ని నేర్చుకోగలరు. ఆ నమ్మకంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చదవడం వస్తే ఏమిటి లాభం?

సుమారు వెయ్యేళ్ళ క్రితం, 11వ శతాబ్దంలో, ఇటలీలో గీదో అనే సన్యాసి ఉండేవాడు. మఠంలో పిల్లలకు పాటలు నేర్పడం ఆయన పని. విని మాత్రమే నేర్చుకుంటే పదేళ్ళయినా పూర్తిగా పట్టుబడటం లేదని ఆయన గమనించాడు. గీతల మీద స్వరాలను ఉంచి చదివించే పద్ధతి పెట్టాడు. ఈ పద్ధతిలో ఒక ఏడాదిలో, మహా అయితే రెండేళ్ళలో గాయకుణ్ణి తయారు చేయవచ్చని రాశాడు. నేటి 'డో రే మీ ఫా సో లా'కు మూలం ఆయన వాడిన అక్షరాలే. మొదట 'ఉట్'గా ఉన్నది తరువాత 'డో' అయింది.

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక, విముక్తులైన నల్లజాతివారి చదువు కోసం 1866లో నాష్‌విల్ పట్టణంలో ఫిస్క్ విద్యాసంస్థ మొదలైంది. కొన్నేళ్ళకే డబ్బు లేక మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు కోశాధికారి, సంగీతం మాస్టారు కూడా అయిన జార్జి వైట్ తొమ్మిదిమంది విద్యార్థులతో ఒక గాన బృందం తయారు చేసి 1871లో ఊరూరా తిప్పాడు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. తమ తల్లిదండ్రులు తోటల్లో, పొలాల్లో పాడుకున్న పాటలను వారు వేదికల మీద పాడారు. 1872లో ఆ పాటలు స్వరలిపితో సహా పుస్తకంగా అచ్చయ్యాయి. ఆ పాటలతో వచ్చిన డబ్బుతోనే 1876 నాటికి జూబిలీ హాల్ అనే పెద్ద భవనం లేచింది. ఆ భవనం విద్యార్థుల హాస్టల్! పాట పాడి హాస్టల్ కట్టుకున్న పిల్లలు వాళ్ళు. పాటను కాగితం మీద పెట్టడం వల్ల ఆ పాటలు ఈనాటికీ ప్రపంచమంతా పాడుతున్నారు.

దక్షిణాఫ్రికాలో ఈనోక్ సొంటోంగా అనే బడిపంతులు 1897లో తన విద్యార్థుల కోసం ఒక పాట కట్టాడు. గీతల కాగితం అవసరం లేకుండా, అక్షరాలతోనే స్వరాలు రాసే 'టానిక్ సోల్‌ఫా' పద్ధతిలో దాన్ని రాశాడు. ఆయన 1905లోనే చనిపోయాడు. పాట మాత్రం బతికింది. జాతి వివక్షకు వ్యతిరేకంగా పోరాడినవారి గీతమైంది. 1997 నుంచి ఆ దేశ జాతీయ గీతంలో భాగంగా ఉంది.

మన రాష్ట్రాల సంగతికొస్తే, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు 'జనగణమన' పాడారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న వ్యక్తి. ఆమె ఆ పాటకు స్వరలిపి రాశారు. మనం రోజూ పాడే పాటకు మన గడ్డ మీదే స్వరలిపి పడిందన్నమాట.

'ఇప్పుడు ఫోనులో పాట పెట్టుకొని నేర్చుకోవచ్చు కదా' అని మీరు అడగవచ్చు. అందరూ ఒకే వరస పాడితే సరిపోతుంది. కానీ బృందగానంలో ఒక్కో వర్గం ఒక్కో వరస పాడుతుంది. రికార్డింగులో నాలుగు వరసలూ కలిసిపోయి వినిపిస్తాయి. లోపలి వరసను చెవి విడదీయలేదు. కాగితం మీద అయితే మీ వరస మీకు విడిగా కనిపిస్తుంది.

ఏడు స్వరాలు – మన అక్షరాల్లోనే

స రి గ మ ప ద ని – ఇవి మనకు తెలిసినవే. పాశ్చాత్యులు వీటినే డో రే మీ ఫా సో లా టీ అంటారు. హార్మోనియం మీద మొదటి తెల్లమెట్టు, అంటే 'సి' మెట్టు, 'స' అనుకొని వరుసగా తెల్లమెట్లు నొక్కుతూ పోతే వారి మేజర్ స్కేలు వస్తుంది. మన కర్ణాటక సంగీతంలో దీనికి సరిపోయేది శంకరాభరణం. జాగ్రత్తగా చూడండి. గ, మ మధ్య నల్లమెట్టు లేదు. ని, పై స మధ్య కూడా లేదు. అంటే ఈ రెండు చోట్ల దూరం సగమే. మిగతా చోట్ల పూర్తి మెట్టు. 'గ నుంచి మకు దగ్గర, ని నుంచి సకు దగ్గర' అన్న ఈ ఒక్క సూత్రం గుర్తుంటే పాటలో సగం అపస్వరాలు పోతాయి.

తెలుగు లిపిలో స్వరాలు రాయడం కొత్తేమీ కాదు. 1904లో సుబ్బరామ దీక్షితులు అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథం తెలుగు లిపిలోనే ఉంది. ఆ పద్ధతిలో ముఖ్యమైన గుర్తులు ఇవి: అక్షరం మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి, చుక్క లేకపోతే మధ్య స్థాయి. 'స' అని పొట్టిగా రాస్తే ఒక అక్షర కాలం, 'సా' అని దీర్ఘంగా రాస్తే రెండు. కామా పెడితే ముందున్న స్వరాన్ని ఇంకొక అక్షర కాలం సాగదీయాలి. సెమికోలన్ పెడితే రెండు. అక్షరాల మీద అడ్డగీత గీస్తే వేగం రెట్టింపు. ఇంతే. ఈ కాసిని గుర్తులతో మీకు వచ్చిన పాటను ఈ రోజే రాయడం మొదలుపెట్టవచ్చు.

అయిదు గీతలు – అయిదు వేళ్ళు

ప్రపంచమంతా క్వయర్లు వాడే లిపి వేరు. దాన్ని స్టాఫ్ అంటారు. అయిదు అడ్డగీతలు, వాటి మధ్య నాలుగు ఖాళీలు. స్వరాన్ని గుండ్రని బిందువుగా గీత మీదనో, ఖాళీలోనో పెడతారు. గీత, ఖాళీ, గీత, ఖాళీ అంటూ పైకి పోయేకొద్దీ స్వరం ఒక్కో మెట్టు ఎక్కుతుంది. కిందికి దిగితే స్వరమూ దిగుతుంది. పేర్లు తెలియకపోయినా పాట ఎక్కుతోందో దిగుతోందో చూడగానే తెలిసిపోతుంది.

స్టాఫ్ మొదట్లో మెలిక తిరిగిన ఒక గుర్తు ఉంటుంది. దాని పేరు ట్రెబుల్ క్లెఫ్. దాని మెలిక కింది నుంచి రెండో గీతను చుట్టుకొని ఉంటుంది. ఆ గీత 'జి' అని దాని అర్థం. అక్కడి నుంచి లెక్కిస్తే గీతలు కింది నుంచి పైకి ఇ, జి, బి, డి, ఎఫ్. ఖాళీలు ఎఫ్, ఎ, సి, ఇ. ఈ నాలుగింటినీ కలిపి చదివితే 'ఫేస్', అంటే ముఖం. ఇలా గుర్తుపెట్టుకోండి.

పుస్తకం లేకపోయినా ఫరవాలేదు. మీ ఎడమ చేయి ఛాతీ ముందు అడ్డంగా పెట్టండి. అరచేయి మీ వైపు, బొటనవేలు పైన, చిటికెన వేలు కింద ఉండాలి. వేళ్ళు ఎడం చేస్తే అయిదు గీతలు, నాలుగు ఖాళీలు తయారు! చిటికెన వేలు ఇ, ఉంగరపు వేలు జి, నడిమి వేలు బి, చూపుడు వేలు డి, బొటనవేలు ఎఫ్. కుడిచేతి వేలితో ఒక్కోటి ముట్టుకుంటూ పేర్లు చెప్పండి. మెస్ దగ్గర క్యూలో నిలబడి కూడా ఈ అభ్యాసం చేయవచ్చు.

మగగొంతుల కింది స్వరాలకు బేస్ క్లెఫ్ అనే మరో గుర్తు ఉంటుంది. అందులో కింది నుంచి నాలుగో గీత ఎఫ్. ఈ రెండు స్టాఫ్‌ల మధ్యలో ఒక చిన్న విడి గీత మీద ఉండే స్వరాన్ని మిడిల్ సి అంటారు. ట్రెబుల్‌కు కింద, బేస్‌కు పైన ఉండే ఆ ఒక్క స్వరం రెంటికీ వంతెన లాంటిది.

గురు లఘువులే ఇక్కడా

స్వరం ఎంత ఎత్తో గీతలు చెబుతాయి. ఎంతసేపో బిందువు ఆకారం చెబుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని మనం తెలుగులో చదివాం. ఇక్కడా అలాంటి లెక్కే. నిండుగా నల్లగా ఉండి కాడ ఉన్న స్వరం క్వార్టర్ నోట్, అంటే ఒక దెబ్బ. లోపల ఖాళీగా ఉండి కాడ ఉంటే హాఫ్ నోట్, రెండు దెబ్బలు. కాడ లేని ఖాళీ సున్నా హోల్ నోట్, నాలుగు దెబ్బలు. నల్లని స్వరం కాడకు ఒక తోక ఉంటే ఎయిత్ నోట్, అర దెబ్బ. తోకలున్న స్వరాలు పక్కపక్కన వస్తే తోకలను కలిపి ఒక పట్టీగా గీస్తారు. బ్రిటిష్ పద్ధతి పుస్తకాల్లో వీటినే క్రాచెట్, మినిమ్, సెమీబ్రీవ్, క్వేవర్ అంటారు. పేర్లు మారినా లెక్క మారదు.

స్వరం పక్కన చుక్క ఉంటే దాని కాలంలో సగం కలుస్తుంది. రెండు దెబ్బల స్వరం పక్కన చుక్క పెడితే మూడు దెబ్బలు. మౌనానికి కూడా గుర్తులున్నాయి. వాటిని రెస్ట్‌లంటారు. మౌనం కూడా పాటలో భాగమే. అక్కడ ఒక్కరు ఆగకపోయినా అందరి కష్టం వృథా అవుతుంది.

క్లెఫ్ తరువాత ఒకదాని మీద ఒకటిగా రెండు అంకెలుంటాయి. పై అంకె ఒక గదిలో ఎన్ని దెబ్బలో చెబుతుంది. కింది అంకె ఏ స్వరాన్ని దెబ్బగా లెక్కించాలో చెబుతుంది. కింద 4 ఉంటే క్వార్టర్ నోట్, 8 ఉంటే ఎయిత్ నోట్. పైన 4, కింద 4 ఉంటే గదికి నాలుగు దెబ్బలు, చతురశ్ర నడక. పైన 3 ఉంటే ఒక బలమైన దెబ్బ, రెండు మెత్తని దెబ్బలు, తిశ్ర నడక. ఈ గదులను బార్లంటారు. గదికీ గదికీ మధ్య నిలువు గీత ఉంటుంది. మన ఆదితాళంలో ఒక చరుపు, మూడు వేళ్ళు, ఆపైన చరుపు, తిప్పు, చరుపు, తిప్పు కలిపి ఎనిమిది. అది నాలుగేసి దెబ్బల గదులు రెండుకు సమానం.

బృందాన్ని నడిపే వ్యక్తి చేతి సైగలు కూడా ఇవే దెబ్బలు. నాలుగుకు కుడిచేయి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడుకు కిందికి, కుడికి, పైకి. ఎప్పుడూ మొదటి దెబ్బ కిందికే. దారి తప్పినవారు చేయి కిందికి పడేవరకు ఆగి, అక్కడ కలుసుకోవచ్చు.

శ్రుతి ఎక్కడ?

మన పద్ధతిలో 'స' ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఒకటో శ్రుతి అంటే సి, అయిదో శ్రుతి అంటే జి. స్టాఫ్‌లో ఈ సంగతి చెప్పడానికి క్లెఫ్ పక్కన కొన్ని గుర్తులు పెడతారు. రెండు నిలువు, రెండు అడ్డం గీతల గుర్తు షార్ప్. ఆ స్వరాన్ని అర మెట్టు పెంచాలి. చిన్న ఇంగ్లీషు 'బి' అక్షరం లాంటిది ఫ్లాట్. అర మెట్టు తగ్గించాలి. మేజర్ పాటల్లో 'స' కనిపెట్టడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. షార్ప్‌లు ఉంటే చివరి షార్ప్ ఉన్నది 'ని' స్థానం. దాని పై మెట్టే 'స'. ఫ్లాట్‌లు ఉంటే చివరి ఫ్లాట్ 'మ' స్థానం. అక్కడి నుంచి మ, గ, రి, స అని దిగండి. ఏమీ లేకపోతే సి మెట్టే 'స'. ఇలా 'స' దొరికిన తరువాత స్టాఫ్ మీది పాటను మన సరిగమల్లోకి మార్చుకొని హాయిగా పాడుకోవచ్చు.

అందరూ ఒకే స్వరం పట్టుకోవడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఒకటి ఉంది. మిడిల్ సి కి పైన వచ్చే 'ఎ' స్వరానికి సెకనుకు 440 కంపనాలు. మీరు ఆ స్వరం పాడితే మీ గొంతులోని స్వరతంత్రులు సెకనుకు 440 సార్లు తెరుచుకొని మూసుకుంటాయి. పై స్థాయిలో అదే స్వరానికి 880. అందుకే స, పై స ఒకేలా వినిపిస్తాయి.

నాలుగు గొంతులు

బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. కథకుడు అంటే వంతలు అందుకుంటారు. అందరూ ఒకే వరస పాడటం యూనిజన్. వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిసి పాడటం హార్మనీ. దీన్ని ఇప్పుడే చేసి చూడండి. మూడు గుంపులుగా విడిపోండి. ఒక గుంపు 'స', రెండో గుంపు 'గ', మూడో గుంపు 'ప' పట్టుకోండి. మూడూ కలిసి ఒక నిండైన నాదం పుడుతుంది. దాన్ని కార్డ్ అంటారు. హార్మనీ అంటే ఇలాంటి కలయికలు ఒకదాని తరువాత ఒకటి రావడమే.

క్వయర్‌లో నాలుగు వర్గాలు. ఆడగొంతుల్లో పైది సొప్రానో, కిందిది ఆల్టో. మగగొంతుల్లో పైది టెనర్, కిందిది బేస్. సుమారుగా చెప్పాలంటే సొప్రానో మిడిల్ సి నుంచి పై ఎ వరకు, ఆల్టో దానికంటే నాలుగైదు స్వరాలు కింద. టెనర్ సొప్రానోకు ఒక స్థాయి కింద, బేస్ ఆల్టోకు సుమారు ఒక స్థాయి కింద. ఏ వర్గం గొప్పదీ కాదు, తక్కువదీ కాదు. ఆల్టో లేకపోతే 'గ' లేని కార్డులా పాట బోసిపోతుంది.

ఇక్కడ తమ్ముళ్ళకు ఒక మాట. 12 నుంచి 15 ఏళ్ళ మధ్య మగపిల్లల స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, దళసరి అవుతాయి. గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ కొన్ని నెలలు గొంతు జారుతుంది, చీలుతుంది. పక్కవారు నవ్వుతారు. చాలామంది పాట మానేసేది అప్పుడే. దయచేసి మానకండి. ఇది రోగం కాదు, ఎదుగుదల. ఆ రోజుల్లో పై స్వరాల కోసం అరవకుండా, సౌకర్యంగా ఉన్న నాలుగైదు స్వరాల్లో మెల్లగా పాడుతూ ఉండండి. గొంతు కుదురుకున్నాక మీరు టెనరో బేసో తేలుతుంది. సీనియర్లు కూడా అలాంటి పిల్లలను వరుస నుంచి తీసేయకుండా కింది వరస ఇచ్చి పక్కన నిలబెట్టుకోవాలి.

ఊపిరి, ఉచ్చారణ

పాటకు ఊపిరే పెట్టుబడి. గాలి పీల్చినప్పుడు భుజాలు లేవకూడదు. పొట్ట, కింది పక్కటెముకలు విచ్చుకోవాలి. పీల్చిన గాలిని 'స్...' అంటూ 10 లెక్కించేవరకు సమంగా వదలండి. తరువాత 15, ఆపైన 20. పొడవైన స్వరం దగ్గర పక్కపక్కవారు ఒకేసారి ఊపిరి తీయకూడదు. ఒకరు తీసేటప్పుడు మరొకరు పాడుతూ ఉంటే వినేవారికి తెగినట్టు తెలియదు. దీన్ని స్టాగర్డ్ బ్రీతింగ్ అంటారు. గుండె దగ్గర అదిరే గొంతు చెస్ట్ వాయిస్, తలలో మోగినట్టుండేది హెడ్ వాయిస్. మన గొంతు విడిగా వినిపించకుండా పక్కవారి గొంతులో కలిసిపోవడాన్ని బ్లెండ్ అంటారు. పక్కవాడి గొంతు మీకు వినిపించడం లేదంటే మీరు గట్టిగా పాడుతున్నారని అర్థం.

తెలుగు అజంత భాష. మన మాటల్లో చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి సాగదీయడానికి అనువు. అయితే 'దేశం' లాంటి మాటలో సున్నాను ముందే మూసేస్తే నాదం ముక్కులోకి పోతుంది. 'శ'లోని అచ్చును చివరి దెబ్బ దాకా పట్టుకొని, సైగ రాగానే అందరూ ఒక్కసారే పెదవులు మూయాలి. అలాగే పొట్టి అచ్చును అనవసరంగా దీర్ఘం చేయకండి. 'గురువు'ను 'గురూవు' అంటే మాట పాడవుతుంది.

కాగితం మీద కనిపించే మరికొన్ని గుర్తులు

ఇంగ్లీషు పి అక్షరం పియానో, అంటే మెల్లగా. ఎఫ్ అక్షరం ఫోర్టే, అంటే గట్టిగా. వాటి ముందు ఎం ఉంటే మెజో, అంటే మధ్యస్థంగా. ఒక చివర కలిసి మరో చివర విచ్చుకునే రెండు గీతలు క్రెషెండో, క్రమంగా పెంచాలి. తిరగేసి ఉంటే డిమిన్యుయెండో, క్రమంగా తగ్గించాలి. లెగాటో అంటే స్వరాలను దండగా గుచ్చినట్టు కలిపి పాడటం, స్టకాటో అంటే విడివిడిగా తుంచి పాడటం. స్టకాటోకు స్వరం నెత్తినో కిందనో చిన్న చుక్క ఉంటుంది. చుక్క మీద గొడుగు లాంటి గుర్తు ఫెర్మాటా. నడిపేవారు వదలమనేవరకు ఆ స్వరాన్ని పట్టుకోవాలి. ఒకే ఎత్తులో ఉన్న రెండు స్వరాలను వంపు గీత కలిపితే మళ్ళీ పలకకుండా సాగదీయాలి. అది టై. వేరు స్వరాలను కలిపితే ఒకే అచ్చు మీద స్వరం మార్చాలి. అది స్లర్.

లార్గో చాలా నెమ్మది, అందాంటే నడక వేగం, అలెగ్రో చురుకు. నిలువు గీతల పక్కన రెండు చుక్కలుంటే ఆ భాగం మళ్ళీ పాడాలి. డి.సి. అంటే డా కాపో, మొదటికి వెళ్ళాలి. ఫీనే అని ఉన్నచోట ముగించాలి. ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగి వచ్చే మన అలవాటే ఇది. వాయిద్యాలు లేకుండా గొంతులతోనే పాడటాన్ని ఆ కపెల్లా అంటారు. వాయిద్యాలు లేని మన హాస్టళ్ళకు ఇంతకంటే అనువైనది ఏముంది?

రోజుకు పావుగంట

స్టడీ అవర్‌కు ముందు పావుగంట చాలు. మొదటి వారం చేతివేళ్ళ మీద గీతలు, ఖాళీలు. రెండో వారం చప్పట్లతో దెబ్బల లెక్క. స్వరం లేకుండా కాలం మాత్రమే. మూడో వారం సరిగమలు, స–గ–ప దూకుళ్ళు. నాలుగో వారం తెలిసిన పాటను చూసి చదవడం. జాతీయ గీతం మంచి పాఠం. మొదటి మూడు స్వరాలు మెట్లెక్కినట్టు స, రి, గ అని సాగుతాయి. పూర్తి గీతానికి అధికారికంగా సుమారు 52 సెకన్లు. గడియారం పెట్టుకొని పాడితే మీ వేగం మీకే తెలుస్తుంది. అయిదో వారం రెండు వరసల పాట. ఆరో వారం తెలియని పాట ఒకటి బోర్డు మీద రాసి, వినకుండా చదివి పాడటం. మొదటిసారి తెలియని పాట కాగితం నుంచి గొంతులోకి వచ్చినప్పుడు కలిగే సంతోషం, చిన్నప్పుడు బస్సు బోర్డు సొంతంగా చదివినప్పటి సంతోషం లాంటిదే.

మన పాటలు మనమే రాయాలి

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ పాడే నాట్ల పాటను కూర్చొని స్వరాల్లో రాశాను. నాలుగైదు సార్లు పాడించుకున్నాను. ఆ పాటలో ఉన్నది అయిదు స్వరాలే. అమ్మకు చదవడం రాదు. కాగితం చూసి, "నా పాట ఇందులో ఉందా?" అని అడిగింది. వేలు పెట్టి చూపిస్తూ సరిగమల్లో పాడాను. మూడో గదిలో ఆపి, "అక్కడ కొంచెం జారాలి" అంది. ఆ జారుడు గుర్తుతో కూడా పూర్తిగా పట్టుబడలేదు. లిపికి ఆ పరిమితి ఉంది. గమకం, యాస, గొంతులోని బరువు కాగితం మీదికి మొత్తం రావు. అందుకే చెవి పనిని కాగితానికి అప్పగించకూడదు. రెండూ కావాలి. కానీ ఏమీ రాయకపోతే ఆ అయిదు స్వరాలు కూడా మిగలవు. మా ఊళ్ళో ఆ పాట వచ్చినవారు ఇప్పుడు నలుగురు కూడా లేరు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు నా విన్నపం ఒక్కటే. మన హాస్టల్ లైబ్రరీలో ఒక లాంగ్ నోటుబుక్కు పాటల కోసం విడిగా పెట్టండి. ప్రతి పాటకూ ఎడమ పేజీలో మాటలు, కుడి పేజీలో స్వరాలు, పైన శ్రుతి, తాళం, నేర్పినవారి పేరు రాయండి. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంటి నుంచి తలా ఒక పాట తీసుకురండి. పదో తరగతి పిల్లలు వెళ్ళేముందు ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతికి అప్పగించాలి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి, తమ కాలం నాటి పాటను నేటి పిల్లల నోట అదే వరసలో వినగలగాలి. ఆ నోటుబుక్కు మొదటి పేజీకి మా అమ్మ పాటను ఈ వ్యాసంతో పాటే పంపుతున్నాను. రెండో పేజీ మీది.